ఖాళీ ఉంది, చోటు లేదు: తొలి హోమ్ కంప్యూటర్లలో మెమరీ ముక్కల గొడవ

అందరికీ నమస్కారం. పరిచయాలు తర్వాత చూసుకుందాం, ముందు ఒక లెక్క చేద్దాం.

1982లో వచ్చిన కమోడోర్ 64 తీసుకోండి. ఆన్ చేయగానే నీలం తెర మీద 38911 బేసిక్ బైట్స్ ఫ్రీ అని కనిపిస్తుంది. పేరులో 64 ఉన్నా, అంటే 64 కేబీ మెమరీ ఉన్నా, బేసిక్ అనే భాషలో ప్రోగ్రామ్ రాసుకునేవాళ్లకి దక్కేది అంతే. ఇప్పుడు ఒక చిన్న లూప్ రాద్దాం. ఖాళీ స్ట్రింగ్‌తో (స్ట్రింగ్ అంటే అక్షరాల వరస) మొదలుపెట్టి, తిరిగిన ప్రతిసారీ దాని చివర ఒక అక్షరం అతికించాలి, 255 సార్లు. ఆ బేసిక్‌లో స్ట్రింగ్ పొడవుకి హద్దు కూడా 255 అక్షరాలే, కాబట్టి నిండు స్ట్రింగ్ ఒకటి తయారవుతుంది. ఎంత మెమరీ పోయి ఉంటుంది? ఎవరైనా చెప్పండి.

(సభలోంచి ఒకరు: 255 బైట్లు.)

చివరికి మనకి పనికొచ్చేది 255 బైట్లే, నిజం. పోయింది మాత్రం 32,640. ఎందుకంటే ఉన్న స్ట్రింగ్‌ని అక్కడికక్కడే పొడిగించడం ఆ బేసిక్‌లో లేదు. అతికించిన ప్రతిసారీ కొత్త చోట కొత్త స్ట్రింగ్ పుడుతుంది, పాతది ఉన్నచోటే పడి ఉంటుంది, దాని వంక ఇంకెవరూ చూడరు. ఒకటి, రెండు, మూడు, అలా 255 దాకా కలుపుకుంటూ పోతే 32,640 వస్తుంది. ఒక్క స్ట్రింగ్ కట్టేసరికి మెషీన్‌లో ఉన్న ఖాళీలో ఆరింట అయిదు వంతులు చెత్తతో నిండిపోయిందన్నమాట.

ఇవాళ నేను మాట్లాడేది ఈ చెత్త గురించీ, దాన్ని తీసేశాక మధ్యలో మిగిలే కంతల గురించీ. ఫ్రాగ్మెంటేషన్ అంటే అంతే. లెక్కకి ఖాళీ ఉంటుంది గానీ ఒక్కచోట ఉండదు. పెళ్లి పంక్తిలో అక్కడొక ఆకూ ఇక్కడొక ఆకూ ఖాళీగా ఉన్నా అయిదుగురు పక్కపక్కన కూర్చోలేనట్టు, మొత్తం ఇరవై కేబీ ఖాళీ ఉన్నా పది కేబీ బొమ్మకి చోటు దొరకదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో దీన్ని చాలావరకు వర్చువల్ మెమరీ కప్పేస్తుంది. ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నా ప్రోగ్రామ్‌కి వరసగా ఉన్నట్టు చూపించే హార్డ్‌వేర్ ప్రాసెసర్‌లోనే ఉంది. ఆనాటి ప్రాసెసర్లైన 6502కి, జెడ్80కి, మొదటి 68000కి ఆ సాయం లేదు. ప్రోగ్రామ్ ఏ అడ్రస్ అడిగితే నేరుగా ఆ బైటే కదిలేది.

దీనికి పరిష్కారాలు బోలెడున్నాయని జాబితాలు ఇస్తుంటారు. నాకైతే అవన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. మెమరీలో ఒకచోట పెట్టిన దాన్ని తర్వాత జరపొచ్చా, జరపకూడదా? జరపాలంటే దాని అడ్రస్ ఎవరెవరు రాసిపెట్టుకున్నారో మొత్తం తెలిసి ఉండాలి. ఒక్కరిని మర్చిపోయినా వాళ్లు పాత అడ్రస్‌కే వెళ్లి రాస్తారు, అక్కడ ఇప్పుడు ఇంకొకరి డేటా ఉంటుంది. ఒక్కో మెషీన్ తీసుకుని అది ఈ ప్రశ్నకి ఏం జవాబు చెప్పిందో చూద్దాం.

మళ్లీ కమోడోర్‌కే వద్దాం, దాని సంగతి ఇంకా అవ్వలేదు. అందులో ప్రోగ్రామ్ 2049వ అడ్రస్ నుంచి మొదలవుతుంది, దాని పైన వేరియబుల్స్, ఆ పైన అర్రేలు, అంటే ఒకే పేరుతో వరసగా ఉండే గళ్లు. స్ట్రింగుల అక్షరాలు మాత్రం ఎదురుగా, 40960 దగ్గర నుంచి కిందికి పెరుగుతూ వస్తాయి. వేరియబుల్‌లో ఉండేది స్ట్రింగ్ కాదు, దాని పొడవుకి ఒక బైటు, అడ్రస్‌కి రెండు బైట్లు, అంతే. పైనుంచి వచ్చేవీ కిందనుంచి పెరిగేవీ ఢీకొనే సమయానికి బేసిక్ ఆగి చెత్త ఏరుతుంది. గార్బేజ్ కలెక్షన్ అనే మాట జావాతో పుట్టిందనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు, ఇళ్లలో పిల్లలు ఆడుకునే మెషీన్‌లో అప్పటికే అది ఉంది.

ఎలా ఏరుతుందో కాస్త దగ్గరగా చూద్దాం, అసలు విషయం అక్కడే ఉంది. స్ట్రింగ్ వేరియబుల్స్ అన్నీ మొదటి నుంచి చివరిదాకా చూసి, అన్నిటికన్నా పై అడ్రస్‌లో ఉన్న స్ట్రింగ్ ఏదో పట్టుకుంటుంది. దాన్ని మెమరీ పై కొసకి జరిపి ఆ వేరియబుల్‌లో అడ్రస్ దిద్దుతుంది. మళ్లీ మొదటికొచ్చి అన్నీ చూసి, దాని తర్వాతి స్ట్రింగ్ పట్టుకుంటుంది. మళ్లీ మొదటికి. ఒక అర్రేలో వెయ్యి పేర్లు పెట్టుకున్నారనుకోండి, వెయ్యి సార్లు వెయ్యేసి చూపులు, అంటే పది లక్షలు. ఒక్కో చూపుకి యాభై సైకిళ్లు, అంటే ప్రాసెసర్ గడియారం టిక్కులు, వేసుకున్నా అయిదు కోట్ల సైకిళ్లు. ఆ ప్రాసెసర్ వేగం సెకనుకి సుమారు పది లక్షల సైకిళ్లు. యాభై సెకన్లు! జరిపే పని అదనం. ఆ సేపంతా మెషీన్ పలకదు, స్టాప్ మీట నొక్కినా పట్టించుకోదు, ఎందుకంటే బేసిక్ ఆ మీటని చూసేది ఒక స్టేట్‌మెంట్‌కీ ఇంకో స్టేట్‌మెంట్‌కీ మధ్యే. వాడేవాళ్లకి ఇంకేం తోస్తుంది, హ్యాంగ్ అయిందనుకుని స్విచ్ కట్టేస్తారు. వెయ్యి పేర్లూ పోతాయి.

అడ్రస్‌ల ప్రకారం ముందే ఒక వరస పట్టీ తయారు చేసుకుంటే పోయేదిగా అని మీకు అనిపించొచ్చు. ఆ పట్టీ ఎక్కడ పెట్టాలి? చెత్త ఏరడం మొదలైందే మెమరీ అయిపోయినందుకు. అదనంగా ఒక్క బైటు కూడా అడగకుండా పని పూర్తి చేసే పద్ధతి అది, అందుకే అంత నిదానం. దాన్ని రాసినవాళ్లని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

మంచి పద్ధతి లేకపోలేదు, కమోడోర్ దగ్గరే ఉంది కూడా. 1980లో పెట్ అనే తన మెషీన్లకి వచ్చిన బేసిక్ 4లో ప్రతి స్ట్రింగ్ పక్కన రెండు బైట్లు అదనంగా పెట్టి, ఈ స్ట్రింగ్ ఏ వేరియబుల్‌దో అందులో రాసిపెట్టారు. దాంతో మెమరీని పై నుంచి కిందికి ఒక్కసారి నడిస్తే చాలు, ఏది బతికుందో ఏది చెత్తో స్ట్రింగే చెబుతుంది. నేను చెప్పిన ప్రశ్నకి ఇది సూటి జవాబు: నా అడ్రస్ ఎవరి దగ్గర ఉందో నాకే తెలుసు. కానీ రెండేళ్ల తర్వాత వచ్చిన 64లో పాత బేసిక్ 2నే పెట్టారు. ఆ తర్వాతి ప్లస్/4లో, 128లో మళ్లీ ఆ వెనక్కి చూపే బైట్లు వచ్చాయి. మధ్యలో అందరికన్నా ఎక్కువ ఇళ్లలోకి వెళ్లిన మెషీన్‌కే ఆ సదుపాయం లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆపిల్ టూలోని ఆపిల్‌సాఫ్ట్ బేసిక్ కూడా మైక్రోసాఫ్ట్ నుంచే వచ్చింది, దానిదీ అదే జబ్బు.

మరి 64 మీద రాసేవాళ్లు ఏం చేశారు? ఒకటి, చెత్త ఏరడం దానంతట అది వచ్చేదాకా ఆగకుండా తామే సమయం చూసి చేయించారు. ఫ్రె(0) అని పిలిస్తే మిగిలిన ఖాళీ ఎంతో చెప్పేముందు చెత్త ఏరుతుంది. డిస్క్ మార్చమని అడిగే ముందు, మెనూ తెర గీశాక, అలా ఎదుటివాళ్లు ఎలాగూ కాసేపు ఆగే చోట దాన్ని పెట్టేవాళ్లు. చెత్త తక్కువున్నప్పుడే ఏరితే త్వరగా అయిపోతుంది కదా అనుకుంటారు కొందరు. అవ్వదు. సమయం పట్టేది చెత్తని బట్టి కాదు, బతికున్న స్ట్రింగుల సంఖ్యని బట్టి.

రెండోది నాకు చాలా ఇష్టమైన ఉపాయం. స్ట్రింగుల మెమరీ పై హద్దు ఎక్కడో 55, 56 అడ్రస్‌లలో రాసి ఉంటుంది. ప్రస్తుతం స్ట్రింగులు ఎంతవరకు దిగొచ్చాయో 51, 52లో ఉంటుంది. మీ వెయ్యి పేర్లూ చదివేశాక ఒకసారి ఫ్రె(0) పిలిచి, ఆ తర్వాత 51లో ఉన్నది 55లోకి, 52లో ఉన్నది 56లోకి పోక్ చేయండి, అంటే ఆ అడ్రస్‌లలో నేరుగా రాసేయండి. పై హద్దు ఆ వెయ్యి పేర్ల కిందికి దిగిపోతుంది. ఇక మీదట చెత్త ఏరేటప్పుడు బేసిక్ ఆ పేర్లని జరపాలనుకోదు, కింద ఉన్న నాలుగైదు పని స్ట్రింగులనే జరుపుతుంది. నిమిషం పట్టేది సెకనులోకి వచ్చేస్తుంది. అయితే ఆ వెయ్యిలో ఒక పేరు తర్వాత మార్చారనుకోండి, దాని పాత చోటు మళ్లీ మీకు దక్కదు. ఇవి మారవు, వీటిని జరపొద్దు అని ప్రోగ్రామర్ మాటిచ్చినట్టన్నమాట.

ఇప్పుడు బీబీసీ మైక్రో. 1981, ఇంగ్లండ్‌లో ఏకార్న్ కంపెనీ చేసింది. ఇక్కడ యాభై దాటినవాళ్లుంటే వాళ్లలో కొందరు బడిలో దీన్ని ముట్టుకునే ఉంటారు, 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద మన దేశంలో కొన్ని వందల బళ్లకి వెళ్లింది ఈ మెషీనే.

మోడల్ బీలో 32 కేబీ. రంగులు బాగా కావాలని మోడ్ 2 పెడితే తెరకే 20 కేబీ పోతుంది. డిస్క్ తగిలిస్తే దాని పనికి ఇంకాస్త. లెక్కేస్తే 6400 నుంచి 12288 దాకా, 5,888 బైట్లు మిగులుతాయి. ప్రోగ్రామూ వేరియబుల్సూ అన్నీ అందులోనే. ఇంత ఇరుకులో బీబీసీ బేసిక్ స్ట్రింగుల చెత్త అసలు ఏరదు. స్ట్రింగ్‌కి ముందు ఇచ్చిన చోటులో కొత్తది పడితే అక్కడే రాస్తుంది. పట్టకపోతే కొత్త చోటు ఇచ్చి పాతదాన్ని వదిలేస్తుంది. వేరియబుల్స్ మొత్తం తుడిచేస్తే తప్ప ఆ పాత చోటు తిరిగి రాదు. మన 255 అక్షరాల లూప్ ఇక్కడ నడిపితే కొంపమునిగేలా ఉంటుంది కదా?

విరుగుడు ఒక్క లైన్. ప్రోగ్రామ్ మొదట్లోనే ఆ వేరియబుల్‌ని దానికి కావాల్సిన అత్యధిక పొడవుతో నింపండి, 40 అక్షరాల పేరు కావాలంటే 40 ఖాళీ అక్షరాలతో. వెంటనే దాన్ని ఖాళీ చేసేయండి. పొడవు సున్నా అవుతుంది గానీ కేటాయించిన 40 బైట్లు దానికే ఉంటాయి. ఆ తర్వాత ఎన్ని వేలసార్లు మార్చినా ఒక్క బైటు వృథా పోదు, ఒక్క క్షణం ఆగదు. జరపను, పారేయను, ఎంత కావాలో ముందే చెప్పు అనే జవాబు ఇది. బేసిక్ నేర్చుకునే పిల్లలకి కాస్త కష్టమే గానీ, పద్ధతిగా రాయాలనుకునేవాళ్లకి ఇంతకన్నా నమ్మకమైనది లేదు.

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ఇంకోలా పోయింది. అక్కడ స్ట్రింగ్‌కి కొత్త విలువ ఇచ్చిన క్షణమే పాతది తీసేసి, దాని పైన ఉన్నదంతా కిందికి జరిపేస్తుంది. కంతలు పుట్టే అవకాశమే లేదు. జరిపిన ప్రతిసారీ, వేటి హద్దులు మారాయో ఆ 14 సిస్టమ్ వేరియబుల్స్‌ని రామ్‌లోని ఒక చిన్న రొటీన్ దిద్దుతుంది... రామ్ కాదు, రోమ్‌లోని రొటీన్. వేగం మాటేంటంటే, పది వేల బైట్లు జరపడానికి ఒక్కో బైటుకి 21 టిక్కుల చొప్పున రెండు లక్షల పదివేలు, 3.5 మెగాహెర్ట్జ్ మీద సెకనులో పదహారో వంతు. కనిపించీ కనిపించని జాప్యం, కానీ అన్నీ కలిపితే తక్కువేం కాదు.

జరిపేవాడికి తెలియని అడ్రస్ ఉంటే ఏమవుతుందో కూడా స్పెక్ట్రమ్‌లోనే చక్కగా కనిపిస్తుంది. బేసిక్ మొదటి లైన్‌లో రెమ్ (బేసిక్ పట్టించుకోని వ్యాఖ్య) పెట్టి, దాని వెనక మెషీన్ కోడ్ దాచడం అప్పట్లో చాలామందికి అలవాటు. ప్రోగ్రామ్ 23755లో మొదలవుతుంది, లైన్ నంబరూ అవీ పోను కోడ్ 23760లో ఉంటుంది, నేరుగా అక్కడికి దూకొచ్చు. 1983లో ఇంటర్‌ఫేస్ 1 అనే అదనపు పరికరం వచ్చింది. అది తగిలించాక దాని సొంత వేరియబుల్స్‌కి 58 బైట్లు కావాలి, కాబట్టి ప్రోగ్రామ్ మొత్తం 23813కి జరిగింది. 23760 అని కోడ్‌లో రాసేసుకున్నవన్నీ ఎక్కడికో దూకాయి. క్లియర్ కమాండ్‌తో ర్యామ్‌టాప్‌ని, అంటే బేసిక్ వాడుకునే మెమరీ పై హద్దుని, కిందికి దించి, దాని పైన కోడ్ పెట్టుకున్నవాళ్లకి ఏ టెన్షనూ లేదు.

ఆటలు రాసినవాళ్లు ఈ గొడవే పెట్టుకోలేదు, దీని మీద ఎక్కువ చెప్పను. మెషీన్ మొత్తం వాళ్లదే, బేసిక్‌నీ పక్కకి తోసేసి ఏ వస్తువు ఏ అడ్రస్‌లో ఉండాలో ముందే కాగితం మీద గీసుకునేవాళ్లు. శత్రువులు ఎక్కువలో ఎక్కువ పదహారు అనుకుంటే పదహారు గళ్లు, అన్నీ ఒకే సైజు, చచ్చినవాడి గడి కొత్తవాడికి. అన్నీ ఒకే సైజైతే ఏ కంతలోనైనా ఏదైనా పడుతుంది.

ఇక పెద్ద మెషీన్లు, 68000 వాడినవి. 1985లో వచ్చిన అమిగాలో ఒకేసారి నాలుగు ప్రోగ్రాములు నడుస్తాయి, మెమరీ అందరిదీ. దాని కెర్నల్ (సిస్టమ్‌కి మూలమైన భాగం) ఎగ్జెక్, రాసింది కార్ల్ శాసెన్‌రాత్. అలాక్‌మెమ్ అని అడిగితే ఖాళీ ముక్కల గొలుసులో సరిపడా ఉన్న మొదటి ముక్కలోంచి కోసి ఇస్తుంది. ఇచ్చేది నేరు అడ్రస్. ప్రోగ్రామ్ దాన్ని ఎన్నిచోట్ల రాసుకుందో కెర్నల్‌కి తెలీదు, తెలుసుకునే దారీ లేదు, కాబట్టి ఒకసారి ఇచ్చింది జరపడం కుదరదు. రెండు గంటలు పనిచేశాక చూడండి. అవైల్ కమాండ్ కొడితే మొత్తం ఖాళీతో పాటు అతిపెద్ద ఏకఖండం ఎంతో కూడా చూపిస్తుంది. మొదటి అంకె బాగానే ఉంటుంది, రెండోది చూస్తే నీరసం వస్తుంది. ప్రోగ్రామ్ మూసేసినా అది తెచ్చిన ఫాంటో లైబ్రరీయో మెమరీ మధ్యలో చిన్న ముక్కై కూర్చుని ఉంటుంది.

జరపలేమని తెలిసిన మీదట అమిగా చేసినవాళ్లు వేరే వైపు నుంచి వచ్చారు, అది నాకు ఎంతో నచ్చుతుంది: పెద్ద ముక్క అడగకుండా ఉంటే సరి. అక్కడ ప్రోగ్రామ్ ఫైలు హంకులు అనే భాగాలుగా ఉంటుంది. లోడ్ చేసేటప్పుడు ఒక్కో హంకు ఎక్కడ చోటుంటే అక్కడికి వెళ్తుంది, అడ్రస్‌లు అప్పుడు దిద్దుతారు. వంద కేబీ ప్రోగ్రామ్‌కి వంద కేబీ ఒక్కచోట అక్కర్లేదు. తెర కూడా అంతే. 320 అడ్డం, 256 నిలువు, 32 రంగుల తెరకి 51,200 బైట్లు కావాలి. కానీ రంగులు అయిదు బిట్‌ప్లేన్‌లుగా, అంటే చుక్కకి ఒక్కో బిట్ ఉండే పొరలుగా, విడిగా ఉంటాయి కనక 10,240 చొప్పున అయిదు ముక్కలు, ఒకదానికొకటి దూరంగా ఉన్నా వీడియో చిప్‌కి అభ్యంతరం లేదు. చిన్న చిన్న ముక్కలు వేలల్లో అడిగే ప్రోగ్రాములకి మాత్రం 1992లో కిక్‌స్టార్ట్ 3తో మెమరీ పూల్స్ వచ్చేదాకా సిస్టమ్ నుంచి సరైన సాయం లేదు, ఎవరి అలకేటర్ వాళ్లు రాసుకున్నారు.

మెకింటాష్ సంగతి కాస్త ఎక్కువ చెప్తాను. 1984 జనవరి, 128 కేబీ. తెర ఒక్కటే 21,888 బైట్లు. మౌస్, విండోలు, మెనూలు, ఫాంట్లు అన్నీ మిగతాదాంట్లోనే. ఇంత ఇరుకులో జరపకుండా బతకడం కుదరదని ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ రాసిన మెమరీ మేనేజర్‌లో హ్యాండిల్ పెట్టారు. మీకిచ్చేది డేటా అడ్రస్ కాదు. డేటా అడ్రస్ రాసి ఉన్న ఒక గడి ఉంటుంది, మాస్టర్ పాయింటర్ అంటారు, ఆ గడి అడ్రస్ మీకిస్తారు. మీరు హ్యాండిల్‌ని వంద చోట్ల రాసుకోండి, పర్లేదు. డేటాని జరిపినప్పుడు సిస్టమ్ దిద్దాల్సింది ఆ ఒక్క గడినే. కమోడోర్‌లో స్ట్రింగ్ పక్కన రెండు బైట్లు పెట్టి సాధించింది ఇక్కడ ఏ రకం డేటాకైనా సాధించారు.

దీనికి చెల్లించిన ధర ప్రోగ్రామర్ జాగ్రత్త. పాస్కల్ భాషలో విత్ అనే సౌకర్యం ఉంది, రికార్డు పేరు ఒకసారి చెప్పి లోపల దాని ఫీల్డులు నేరుగా వాడొచ్చు. విత్ పెట్టి హ్యాండిల్ లోపలి రికార్డు తెరిచారు. అక్కడ కంపైలర్ డేటా అసలు అడ్రస్‌ని ఒక రిజిస్టర్‌లోకి (ప్రాసెసర్ లోపలి గడిలోకి) తీసుకుని పెట్టుకుంటుంది. లోపల ఒక ఫీల్డుకి ఏదో ఫంక్షన్ తెచ్చే విలువ ఇచ్చారు. ఆ ఫంక్షన్ పని మధ్యలో కొత్త మెమరీ అడిగింది, చోటు చాలక సిస్టమ్ అన్నిటినీ జరిపింది, మీ రికార్డు కూడా జరిగింది. ఫంక్షన్ తిరిగొచ్చాక విలువ వెళ్లి పాత అడ్రస్‌లో పడింది. మాస్టర్ పాయింటర్ సరిగ్గానే ఉంది, మీ రిజిస్టర్ మాత్రం పాతది. ప్రతిసారీ జరగదు ఇది, మెమరీ ఇరుకైనప్పుడే జరుగుతుంది, కాబట్టి రాసినవాళ్ల బల్ల మీద వారాల తరబడి బాగానే నడిచి, కొనుక్కున్నవాళ్ల ఇంట్లో పడిపోతుంది. అందుకే ఏయే సిస్టమ్ కాల్స్ మెమరీని జరపొచ్చో ఆపిల్ ఒక పెద్ద పట్టీ ఇచ్చేది. తప్పులు పట్టే మాక్స్‌బగ్ డీబగ్గర్‌లో హీప్ స్క్రాంబుల్ (హీప్ అంటే అడిగినవాళ్లకి ముక్కలు కోసి ఇచ్చే మెమరీ) అని ఇంకా మంచిది ఉంది, జరిపే అవకాశం వచ్చిన ప్రతిసారీ కావాలనే అన్నిటినీ జరిపేస్తుంది. దాగిన తప్పు ఆ నిమిషమే బయటపడుతుంది.

కాసేపు జరపొద్దు అనాలంటే హెచ్‌లాక్ అని బిగించొచ్చు. బిగించిన ముక్క హీప్ మధ్యలో ఉంటే దానికి అటువైపు ఖాళీ, ఇటువైపు ఖాళీ కలవవు. అందుకే బిగించే ముందు మూవ్‌హెచ్‌హై అని పిలిచి దాన్ని పై కొసకి తోసేయాలి. మాస్టర్ పాయింటర్ల గుంపు కూడా కదలని ముక్కే, ఒక్కో గుంపులో 64. అవి అయిపోతే సిస్టమ్ ఇంకో గుంపుని ఆ క్షణాన ఎక్కడ చోటుంటే అక్కడ పెడుతుంది, ఇక అది అక్కడే. కాబట్టి ప్రోగ్రామ్ మొదలవగానే మోర్‌మాస్టర్స్ నాలుగైదు సార్లు పిలిచి అన్నిటినీ హీప్ అడుగునే పెట్టించుకోవాలి.

(సభలోంచి ప్రశ్న: బిగించి ఉందో లేదో సిస్టమ్ ఎక్కడ గుర్తుపెట్టుకుంటుంది?)

మంచి ప్రశ్న. 68000 రిజిస్టర్లు 32 బిట్లవి గానీ అడ్రస్‌కి వాడేది 24 బిట్లే. మాస్టర్ పాయింటర్‌లో పై ఎనిమిది బిట్లు ఊరికే ఉన్నాయి కదా అని బిగించిందా, అవసరమైతే పారేయొచ్చా లాంటి గుర్తులు అక్కడ పెట్టారు. 128 కేబీలో ఒక్కో హ్యాండిల్‌కి బైటు మిగలడం ఎంత విలువైందో ఆలోచించండి. సిస్టమ్‌ని అడక్కుండా ఆ బిట్లని నేరుగా తాకిన ప్రోగ్రాములు కూడా వచ్చాయి. 1987లో మాక్ టూతో పూర్తి 32 బిట్ల అడ్రస్‌ల ప్రాసెసర్ వచ్చాక, 1991లో సిస్టమ్ 7 వాటిని నిజంగా వాడబోయేసరికి అలాంటివన్నీ తిరగరాయాల్సి వచ్చింది. మాక్ టూ సొంత రోమ్ కూడా అందుకు సిద్ధంగా లేదు.

ఇంటికెళ్లాక చేయదలిస్తే ఒకటి చెప్తాను. వైస్ అనే ఉచిత ఎమ్యులేటర్‌లో (పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్) కమోడోర్ 64 తెరిచి, వెయ్యి గళ్ల స్ట్రింగ్ అర్రే పెట్టి, ఒక్కో గడిలో ఏదో అక్షరానికి ఆ గడి నంబరు అతికించి వేయండి. అతికించడం తప్పనిసరి, ఎందుకంటే ప్రోగ్రామ్‌లో నేరుగా రాసిన స్ట్రింగ్‌కి బేసిక్ వేరే చోటు ఇవ్వదు, ప్రోగ్రామ్ లైన్‌లోని అక్షరాలనే చూపిస్తుంది. తర్వాత బేసిక్ గడియారమైన టీఐ విలువ దాచుకుని, ఫ్రె(0) పిలిచి, మళ్లీ టీఐ చూడండి, తేడాని 60తో భాగిస్తే సెకన్లు. ఫ్రె(0) ఒక్కోసారి మైనస్‌లో చెబుతుంది, కంగారు పడకండి, 65536 కలిపితే సరైన అంకె వస్తుంది. అదే అర్రేని 500కి తగ్గించి చూడండి, సమయం సుమారు నాలుగో వంతుకి పడాలి. పడ్డాక 55, 56 ఉపాయం పెట్టి మూడోసారి నడపండి.